మైఖేల్ డిలన్ - లోబ్జాంగ్ జీవకుడు: దేహపరివర్తన చికిత్సాచరిత్రలో ఒక ఘట్టము

పుట్టినప్పుడు లోకము తమ దేహమునకు పెట్టిన లింగముతో తమ యంతరంగమునకు పొత్తు కుదరనివారు అన్ని దేశములందును కలరు. మన వాఙ్మయమునకు వారి ప్రసక్తి క్రొత్త కాదు. అమరసింహుడు తృతీయాప్రకృతి యను మాటను షండ, క్లీబ, పండ, నపుంసక శబ్దముల సరసన నిలిపినాడు. తెలుగున పేడి యను మాట కలదు. విరాటపర్వమున అర్జునుడు బృహన్నలయై ఒక యేడు గడపిన కథను తిక్కన సోమయాజి తెలుగువారి కందఱకును పరిచితము గావించినాడు. వ్యాసభారతమున ఉద్యోగపర్వమునందు శిఖండికి స్థూణాకర్ణుడను యక్షుడు తన పురుషత్వమును ఎరవిచ్చెను. అయితే ఈ కథలలో మార్పు శాపమువలన వచ్చును, లేదా వరమువలన వచ్చును, లేదా యక్షుని దయవలన వచ్చును. వైద్యుని చేతిమీదుగా వచ్చినట్లు చెప్పిన ప్రాచీనకథ నాకు కనబడలేదు. ఆ కథ ఇరువదవ శతాబ్దమున గాని పుట్టలేదు. అట్లు పుట్టిన కథలోని ముఖ్యులలో నొకడు మన దేశమునకు వచ్చి, బౌద్ధశ్రామణేరుడై, మన హిమాలయసానువులలోనే దేహము చాలించినాడు. ఈ వ్యాసము ఆయనను గూర్చినది.

ఈ చికిత్స చరిత్రను సాధారణముగా 1952 డిసెంబరు 1వ తేదీనుండి మొదలుపెట్టుచుందురు. క్రిస్టీన్ జోర్గెన్సన్ అను నామె డెన్మార్కున చికిత్స పొంది స్త్రీగా మాఱిన వార్తను ఆనాడు న్యూయార్కు పత్రిక యొకటి మొదటిపుటలో ప్రకటించెను. కాని అది ఆరంభము కాదు. మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ అను వైద్యుడు 1919లో బెర్లిను నగరమున లైంగికశాస్త్రసంస్థను నెలకొల్పినాడు. ఆ సంస్థ నాశ్రయించిన డోరా రిక్టరు అను నామెకు 1922లో ఒకటియు, 1931లో తక్కినవియు శస్త్రచికిత్సలు జరిగినవి. లిలీ ఎల్బె అను డెన్మార్కు చిత్రకారిణి చివరి శస్త్రచికిత్సనుండి కోలుకొనలేక 1931 సెప్టెంబరులో డ్రెస్డెనులో మరణించినది. 1933 మే 6వ తేదీన నాజీపక్షపు విద్యార్థులు బెర్లిను సంస్థపై బడి దోచిరి. నాలుగుదినముల పిమ్మట దాని గ్రంథములను నడివీథిలో తగులబెట్టిరి. హిర్ష్‌ఫెల్డ్ అప్పటికి విదేశములలో నుండెను. 1931లో మన దేశమున గూడ పర్యటించిన యా వృద్ధుడు మరల జర్మనీలో అడుగు పెట్టలేదు. డోరా రిక్టరు ఆ దోపిడిలోనే చనిపోయి యుండునని చిరకాలము చరిత్రకారులు తలచిరి. ఆమె 1966 వఱకు జీవించియున్నట్లు ఇటీవలనే తేలినది. ఈ చరిత్రకు ఆధారములు ఎట్లు చెదరిపోయినవో తెలిసికొనుట కీ యొక్క సంగతి చాలును.

చికిత్స చేసినవారి లెక్కలు కొన్ని దొరకినను, చికిత్స పొందినవారు తామే వ్రాసినది ఆ తొలినాళ్లలో మిక్కిలి తక్కువ. అందుచేతనే మైఖేల్ డిలన్ జీవితము పరిశోధకునకు విలువైనది. ఆయన రోగి, పిదప వైద్యుడు, ఈ రెండింటికిని నడుమ గ్రంథకర్త. చికిత్సను పొందినవాడును, నేర్చినవాడును, దానిని గూర్చి సిద్ధాంతము చేసినవాడును ఒక్కడే యగుట అరుదు.

ఆధారములను గూర్చి ఒక మాట. ఆయన 1946లో 'సెల్ఫ్' అను గ్రంథమును ప్రకటించెను. నీతిశాస్త్రమును, వినాళగ్రంథుల శాస్త్రమును కలిపి చర్చించిన గ్రంథ మది. 1962లో 'ఇంజీ గెత్సుల్' అను లదాఖు ఆశ్రమజీవిత కథనము వెలువడెను. అదే సంవత్సరము వ్రాసి ముగించిన ఆత్మకథ 2016 వఱకు అచ్చు కాలేదు. మొదటి గ్రంథమున చికిత్స కలదు గాని అది తన కథ యని చెప్పలేదు. రెండవదానిలో తన కథ కలదు గాని చికిత్స ప్రసక్తి లేదు. రెండును కలిసి కనబడునది మూడవదానిలోనే. కావున మొదటి రెండింటిని మూడవదాని వెలుగులో మరల చదువవలసి యున్నది. ఈ మూడింటికిని తోడు లిజ్ హాడ్జ్‌కిన్సన్, పేగన్ కెనెడీ యను నిరువురు రచయిత్రులు వ్రాసిన జీవితచరిత్రములు కలవు.

ఇంకొక సంగతి. పుట్టుకలో ఆయనకు స్త్రీనామమే పెట్టిరి. ఆ పేరు ఇక్కడ అక్కఱ లేదు. బాల్యమును గూర్చి చెప్పునప్పుడు స్త్రీలింగమును, పిదప పుంలింగమును వాడు పద్ధతి కొందఱు పాటించిరి. నేను మొదటినుండి తుదివఱకు పుంలింగమునే వాడుచున్నాను. ఆయన తన్ను గూర్చి చెప్పుకొన్నది అదియే. దానిని దిద్దుటకు మన కధికారము లేదు.

డిలన్ 1915 మే 1వ తేదీన లండనులో పుట్టెను. వంశము ఐర్లండునందలి మీత్ మండలమునకు చెందిన బారొనెట్ బిరుదు గల కుటుంబము. తల్లి పురిటిలోనే పోయినది. అన్న రాబర్టుతో గూడ ఆయనను ఫోక్‌స్టన్ పట్టణమున మేనత్తలు పెంచిరి. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున స్త్రీల కళాశాలలో చదివి 1938లో పట్టము పొందెను. అక్కడ పడవపందెములలో మేటియై, స్త్రీల పడవసంఘమునకు అధ్యక్షత వహించెను. ఇదంతయు బయటి లెక్క. ఒకనాడు ఎవరో తలుపు తెఱచిపట్టి తన్ను స్త్రీగా మన్నించి దారి యిచ్చినపుడు, తాను వారి కట్లు కనబడుచున్నానా యని దిగ్భ్రాంతి చెందినట్లు ఆయన ఆత్మకథలో చెప్పుకొనెను. అద్దములో కనబడు రూపమునకును తనకును ఏ సంబంధమును లేదను భావము చిన్ననాటనుండి యుండెను. దానికి పేరు మాత్రము ఆనాడు లేదు.

టెస్టోస్టెరోన్ అను పురుషహార్మోనును రసాయనశాలలో తయారుచేయుట 1935లో సాధ్యమైనది. అందుకు కారకులైన బుటెనాంట్, రుజిచ్కా యను శాస్త్రజ్ఞులకు 1939లో నోబెలు బహుమాన మీయబడెను. అదే కాలమున బ్రిస్టలు పట్టణమున జార్జి ఫాస్ అను వైద్యుడు ఋతుస్రావము మితిమీఱిన స్త్రీలకు ఈ మందు నిచ్చి పరీక్షించుచుండెను. దానివలన గడ్డము మొలచుట, గొంతు మాఱుట వైద్యునకు ఉపద్రవము. డిలన్‌కు అదే కావలసినది. ఆయన వెళ్లి యడిగెను. ఫాస్ ముందుగా ఒక మానసికవైద్యుని చూడుమనెను. ఆ మానసికవైద్యుడు రోగి రహస్యమును దాచలేదు. మాట పాకి డిలన్ పనిచేయు పరిశోధనశాల దాక పోయినది. ఫాస్ భయపడి చికిత్సనుండి తప్పుకొనుచు, మాత్రలను మాత్రము చేతికిచ్చి పంపివేసెను. చూడవలసిన దేమనగా, ఈ చరిత్రలో మొదటి పురుషహార్మోను చికిత్సలలో నొకటి వైద్యుని పర్యవేక్షణ లేకయే జరిగినది. మందు దొరకినది, వైద్యుడు దొరకలేదు.

ఉద్యోగము విడిచి డిలన్ బ్రిస్టలులో ఒక మోటారు గ్యారేజిలో కూలికి చేరెను. పెట్రోలు పోయుట, చెడిన బండ్లను లాగికొనివచ్చుట ఆయన పని. యుద్ధకాలము. జర్మను విమానములు బాంబులు కురియుచుండగా రాత్రులు కప్పులమీద నిలిచి నిప్పు లెక్కడ పడుచున్నవో కాచుట కూడ ఆయనకే పడినది. ఆక్స్‌ఫర్డు పట్టభద్రుడు నాలుగేండ్లు ఈ పని చేసెను. కాని ఆ నాలుగేండ్లలో ఒక మేలు జరిగినది. గొంతు మాఱినది, గడ్డము వచ్చినది. మొదట గేలిచేసిన గ్యారేజివారే ఇతడు పురుషుడని నమ్మి, క్రొత్తగా వచ్చినవారికి ఆ మాటయే చెప్పసాగిరి.

రక్తములో చక్కెఱ తగ్గి సొమ్మసిల్లు జబ్బు డిలన్‌కు ఉండెను. అట్లు పడి గాయపడి బ్రిస్టలు ఆసుపత్రిలో చేరినపుడు అచటి ప్లాస్టిక్ శస్త్రవైద్యుడు ఆయన స్థితి నెఱిగి, 1942లో వక్షమునకు శస్త్రచికిత్స చేసెను. జనన పత్రమును దిద్దించుకొనవచ్చునని చెప్పినవాడును, సర్ హెరాల్డ్ గిలీస్ అను మహావైద్యుని పేరు చెప్పినవాడును ఆతడే. మానసికవైద్యుడు బజారున బెట్టిన రహస్యమును, ఊరుపేరు లేని రోగిగా వచ్చి పడినపుడు ఈ శస్త్రవైద్యుడు కాపాడెను. 1944లో జననపత్రము మాఱినది. లారెన్స్ మైఖేల్ డిలన్ అను పేర ఆయన చట్టము దృష్టిలో పురుషుడయ్యెను.

గిలీస్ న్యూజీలండువాడు. మొదటి ప్రపంచయుద్ధమున ముఖములు చితికిపోయిన సైనికులకు క్రొత్త ముఖములు చేసి పేరు పొందినవాడు. 1917లో ఆయన వాడుకలోనికి తెచ్చిన పద్ధతి యొకటి కలదు. దేహమున ఒకచోటి చర్మమును పూర్తిగా కోయక, ఒక కొనను మూలమున అంటియుంచి, గొట్టమువలె చుట్టి కుట్టుదురు. రక్తప్రసారము తెగదు. వారములు గడచిన పిమ్మట రెండవ కొనను కావలసినచోట అతికి, అది నాటుకొన్న తర్వాత మొదటి మూలమును విడదీయుదురు. ప్రాణము పోనీక చర్మమును నడిపించుట దీని కిటుకు. నుదుటి చర్మమును మూలము తెగనీక క్రిందికి త్రిప్పి ముక్కు చేయు మన దేశపు పద్ధతి 1794లో లండను పత్రికకెక్కి, 1814లో కార్ప్యూ అను ఆంగ్లవైద్యుని చేతికి వచ్చినదని శస్త్రచరిత్ర చదివిన వారెఱుగుదురు. గిలీస్ పద్ధతికి దూరపు జ్ఞాతి అది. సుశ్రుతుని నామస్మరణ చేసి అంతయు మనదే యనుట నా యుద్దేశము కాదు. గొట్టపు పద్ధతి వేఱు. చర్మమునకు మూలము తెగరాదను సూత్రము మాత్రము రెంటికిని సమానము.

ఈ పద్ధతితోనే 1946 మొదలు 1949 వఱకు బేసింగ్‌స్టోక్ చెంత రూక్స్‌డౌన్ హౌస్ ఆసుపత్రిలో గిలీస్ డిలన్‌కు పదుమూడు పర్యాయములకు తక్కువ గాకుండ శస్త్రచికిత్సలు చేసి పురుషాంగమును నిర్మించెను. ఆ కాలమున డిలన్ డబ్లిను నగరమున ట్రినిటీ కళాశాలలో వైద్యవిద్యార్థి. చదువు నడచునపుడు డబ్లినులో, సెలవులలో ఇంగ్లండు ఆసుపత్రిలో. చర్మము తీసిన కాళ్లకు చీము పట్టి కుంటుచు వచ్చినపుడు, యుద్ధకాలపు దెబ్బ యని తోడివారికి చెప్పెడివాడు. అటులనే పడవపందెములలోను పాల్గొనెను, ఈసారి పురుషుల పడవలో. ఆసుపత్రి పుస్తకములలో గిలీస్ ఈ రోగికి పుట్టుకతో మూత్రమార్గలోపము గలదని వ్రాయించెను. అది నిజము కాదు. యుద్ధములో గాయపడిన వందలమంది నడుమ ఒక రోగిని కాపాడుటకు వైద్యుడు చెప్పిన అబద్ధ మది. ఈ అబద్ధమునకు డిలన్ జీవితాంతము కృతజ్ఞుడై యుండెను. దాని బరువు కూడ జీవితాంతము మోసెను. ఇక ఆసుపత్రి దస్తావేజులనే ప్రమాణముగా గొని చరిత్ర వ్రాయువాడు ఇట్టి చికిత్సలు ఆనాడు జరుగనే లేదని తేల్చును.

గిలీస్ చికిత్స మొదలైన సంవత్సరమే 'సెల్ఫ్' వెలువడినది. అందలి వాదము సంగ్రహముగా నిది. తన్ను గూర్చిన మనస్సు యొక్క యెఱుకను మందుమాటలతో మాన్పవలెనని వైద్యులు చిరకాలము యత్నించి విఫలులైరి. మనస్సును దేహమునకు తగినట్లు మార్చుట సాధ్యము కానప్పుడు, దేహమును మనస్సునకు తగినట్లు మార్చుటయే వైద్యునకు మిగిలిన ధర్మము. ఆ సంగతిని నిర్ణయించుటలో రోగి మాటకు విలువ యుండవలెను. స్వలింగప్రేమ వేఱు, ఇది వేఱు అని కూడ ఆ గ్రంథమున విడదీసి చెప్పెను. 1946లో ఈ మాటలు ఇంత తేటగా చెప్పినవారు తక్కువ. గ్రంథమునందు లోపములు లేకపోలేదు. స్త్రీపురుషుల స్వభావములను గూర్చి అందు గల యభిప్రాయములు ఆనాటి ఆంగ్లకుటుంబములవే. కొన్ని చోట్ల స్త్రీలను చులకన చేసినట్లు కూడ తోచును. అయినను, ఇతరుల కథవలె నడచిన యా వాదమున అచ్చటచ్చట స్వానుభవము వేడి తగులుచుండును. ఆత్మకథ చదివినవారికి ఆ చోటు లేవో ఇట్టే తెలియును.

గ్రంథము చదివినవారిలో రాబర్టా కౌవెల్ యొకతె. యుద్ధమున విమానము నడపినది, మోటారుపందెములలో పాల్గొన్నది. ఆమె పురుషదేహముతో పుట్టి స్త్రీగా బ్రదుకగోరినది. గిలీస్ ఆమెకు చికిత్స చేయుటకు సిద్ధమే. కాని వృషణములను తొలగించుట అప్పటి ఇంగ్లండు చట్టమున నేరముగా భావింపబడుచుండుటచే ఏ వైద్యుడును బహిరంగముగా ముందుకు రాలేకపోయెను. పురుషుని పోరాటశక్తిని హరించుట రాజునకు నష్టము కలిగించుట యను పాతకాలపు తలంపు దాని వెనుక గలదు. ఇంకను పట్టము పొందని వైద్యవిద్యార్థి డిలన్ ఆ పనిని రహస్యముగా తానే చేసెను. పిమ్మట 1951లో గిలీస్ తక్కిన శస్త్రచికిత్స చేసినాడు. ఇది సాహసమా, దుస్సాహసమా? శస్త్రము వికటించినచో ఇద్దఱి బ్రదుకులును ముగిసెడివి. విద్యార్థి యట్టి పని చేయుట ఏ వైద్యనీతియు నొప్పదు. కాని చట్టము వైద్యుని చేతులు కట్టివేసినచోట రోగి ఏమి చేయవలెనను ప్రశ్నకు ఆనాడు వేఱొక జవాబు లేకుండెను. డిలన్ ఆమెను ప్రేమించి పెండ్లాడగోరెను. ఆమె అంగీకరింపలేదు.

ఈ చట్టపు చిక్కు మన దేశమునకు పరాయిది కాదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 320వ విభాగమున దారుణమైన గాయములను లెక్కించుచు మొట్టమొదట పేర్కొన్నది పుంస్త్వనాశనమునే. హైదరాబాదు సంస్థానమున 1329 ఫసలీనాటి చట్టమొకటి నపుంసకులను పోలీసు పట్టికలో నమోదు చేయించి, స్త్రీవేషముతో వీథిలో కనబడినవారిని వారంటు లేకయే పట్టుకొనుటకు వీలు కల్పించెను. సంస్థానము పోయినను ఆ చట్టము పోలేదు. పేరు మార్చుకొని తెలంగాణమున నిలిచి, 2023 జులైలో హైకోర్టు రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేయు వఱకు పుస్తకములలో నుండెను. 2014లో సుప్రీము కోర్టు తృతీయలింగమును గుర్తించెను. 2019 నాటి కేంద్రచట్టము శస్త్రచికిత్సను, హార్మోను చికిత్సను ప్రభుత్వము అందింపవలసిన వైద్యసదుపాయములలో చేర్చెను. ఒక చేత నేరమని, వేఱొక చేత హక్కని వ్రాసిన రెండు చట్టములు మూడేండ్లకు పైగా ఒకే నేలపై నిలిచియుండుట విద్యార్థులు గుర్తింపదగినది.

1951లో డిలన్ వైద్యపట్టము పొందెను. కొంతకాలము ఆసుపత్రిలో చేసి, పిదప ఓడలలో వైద్యుడై సముద్రములు తిరిగెను. ఆరేండ్లు అట్లు గడచినవి. ఆయన రహస్యము బయటపడుటకు కారణము వైద్యుడు గాడు, శత్రువును గాడు. వంశవృక్షము! ఇంగ్లండు ప్రభుకుటుంబముల వంశావళులను డెబ్రెట్, బర్క్ అను రెండు గ్రంథములు ప్రకటించుచుండును. బిరుదు పురుషసంతతికే చెందును. అన్న రాబర్టునకు బిడ్డలు లేరు. దిద్దిన జననపత్రమును చూచి డెబ్రెట్ తమ్ముని వారసునిగా చేర్చెను. బర్క్ మాత్రము పాతరీతినే చెల్లెలని యుంచెను. ప్రతులను పోల్చి పాఠభేదములు పట్టుట మనకు నిత్యవ్యాపారము. ఒక పాఠభేదము ఒక మనుష్యుని బ్రదుకును ఇట్లు కూల్చుట మాత్రము నే నింకెక్కడను చూడలేదు. 1958 మేలో ఆయన ఓడ అమెరికా తీరమున బాల్టిమోరు రేవులో నుండగా లండను విలేఖరులనుండి తంతి వచ్చెను. వార్త ప్రపంచమంతట పొక్కెను. తాను పుట్టుకతో లోపముగల పురుషుడనని, గిలీస్ దస్తావేజులోని మాటనే డిలన్ విలేఖరులకు చెప్పెను. పండ్రెండేండ్ల క్రితము తాను వాదించిన సిద్ధాంతమును తన నోటనే దాచవలసి వచ్చెను.

ఓడ కలకత్తా చేరగానే ఆయన దిగిపోయెను. బౌద్ధముపై అప్పటికే ఆసక్తి యుండెను. కలింపాంగు చేరి, అచట విహారము నడపుచున్న ఆంగ్లభిక్షువు సంఘరక్షితుని ఆశ్రయించి, తన పూర్వకథను నమ్మి చెప్పెను. బుద్ధుని వైద్యుడైన జీవకుని పేరు ఆయనకు వచ్చినది. మహావగ్గమున ఆ జీవకుడు రాజగృహశ్రేష్ఠి తలను కోసి క్రిములను తీసెను, వారణాసిలో మెలిపడిన ప్రేగును విప్పెను. శస్త్రము పట్టిన చేతికి తగిన పేరే. సారనాథమున ఆయన శ్రామణేరుడయ్యెను. ఇక ఉపసంపద పొంది భిక్షువు కావలెను.

ఇక్కడ వినయపిటకము అడ్డు వచ్చెను. ఉపసంపద కోరువానిని సంఘము నడుమ కొన్ని ప్రశ్నలడుగుదురు. కుష్ఠు మొదలగు వ్యాధులున్నవా యని యడిగిన పిమ్మట, మనుష్యుడవేనా, పురుషుడవేనా యని యడుగుదురు. పండకునకును, ఉభయలింగచిహ్నములు గలవానికిని ఉపసంపద లేదని మహావగ్గము నిషేధించినది. జీవకుడు మొదటి ప్రశ్నకు సంకోచము లేక ఔనని చెప్పగలడు. రెండవ ప్రశ్నకును చెప్పగలడు. ఇంగ్లండు చట్టము కూడ సాక్ష్యము పలుకును. కాని సంగతి సారనాథమున పెద్దలకు తెలిసిపోయెను. సంఘరక్షితుడే తెలిపెనని జీవకుని చరిత్ర వ్రాసినవారు చెప్పుచున్నారు. ఉపసంపద ఆగిపోయెను. బ్రిస్టలు మానసికవైద్యుని ఉదంతము ఇరువదియేండ్ల పిమ్మట వేఱొక వేషమున మరల జరిగినట్లయినది.

శాస్త్రదృష్టితో చూచినచో ఈ నిరాకరణమునకు ఆధారము బలమైనదా? బుద్ధఘోషుడు సమంతపాసాదికలో పండకులను ఐదు తెఱగుల వారిగా విభజించినాడు: ఆసిత్తుడు, ఉసూయుడు, ఓపక్కమికుడు, పక్ఖుడు, నపుంసకుడు. ఇందు ఓపక్కమికుడనగా ఉపక్రమముచే, అనగా మనుష్యప్రయత్నముచే, అవయవము తొలగింపబడినవాడు. జీవకుని విషయమున మనుష్యప్రయత్నము జరిగినది నిజమే గాని, తొలగినది వేఱు, చేరినది వేఱు. ఐదింటిలో ఏ కోవలోను ఆయన సరిగా ఇమడడు. మఱియొక వైపు, వినయమునందే దీనికి భిన్నమైన మాట కలదు. ఒక భిక్షువునకు స్త్రీచిహ్నము పొడమినపుడు, అదే ఉపాధ్యాయునితో, అదే ఉపసంపదతో, అవే వర్షముల లెక్కతో భిక్షుణులలో కలియవచ్చునని తథాగతుడు అనుజ్ఞ యిచ్చెను. భిక్షుణికి పురుషచిహ్నము పొడమినను ఇదే న్యాయము. ధమ్మపదవ్యాఖ్యలో సోరేయ్యుడను గృహస్థు స్త్రీయై బిడ్డలను గని, మరల పురుషుడై, ప్రవ్రజించి అర్హంతుడయ్యెను. లింగము మాఱుట వినయకర్తలకు తెలియని విషయము కాదు. మాఱిన లింగమును బట్టి నడచుట వారికి సమ్మతమే. అయితే అందు మార్పు తనంతట వచ్చినది, ఉపసంపద అంతకు ముందే జరిగినది. జీవకుని విషయమున రెండును వేఱు. కావున సారనాథపు పెద్దలు సూత్రమును ఉల్లంఘించిరని నేను చెప్పను. సూత్రము మౌనము వహించినచోట వారు నిషేధము వైపు మొగ్గిరి. కరుణ వైపు మొగ్గుటకు గూడ పిటకమున త్రోవ యుండెను. జీవకుడే 1960లో వినయమును విమర్శించుచు చిన్న గ్రంథమొకటి ప్రకటించుట కాకతాళీయము కాదు.

థేరవాదపు తలుపు మూయబడగా ఆయన టిబెటు సంప్రదాయమును ఆశ్రయించి, లదాఖునందలి రిజోంగ్ మఠమున 1960లో గెత్సుల్, అనగా శ్రామణేరుడు, అయ్యెను. ఇంజీ యనగా ఆంగ్లేయుడు. నలువదియైదేండ్ల ప్రభువంశీయుడు, వైద్యుడు, పదేండ్ల బాలుర సరసన కడపటి వరుసలో కూర్చుండి, వంటయింట చాకిరి చేసెను. భాష రాదు, ఆహారము చాలదు. ఐనను తన జీవితమున సంతోషముగా గడపిన కాలమది యని ఆయన వ్రాతలు చెప్పుచున్నవి. సరిహద్దు ప్రాంతమున విదేశీయులుండుటకు ప్రభుత్వపు అనుమతి గడువు మూడు నెలలే. గడువు తీరగానే దిగిరావలసి వచ్చెను. మరల పోవుటకు అనుమతి రాలేదు. పూర్ణభిక్షుత్వము ఏ సంప్రదాయమునను ఆయనకు దక్కలేదు.

ఆస్తి నంతయు విడిచిన జీవకుడు చివరి రెండేండ్లు వ్రాతలవలన వచ్చు కొద్దిపాటి డబ్బుతో బ్రదికెను. మిలరేపా చరిత్రమును ఇంగ్లీషున సంగ్రహించెను. 1962 మే 1వ తేదీన, తన నలువదియేడవ పుట్టినదినమున, ఆత్మకథకు పీఠిక ముగించి లండనులోని ప్రతినిధికి పంపెను. పత్రికలు చెప్పిన కథ యొకటి, ఆసుపత్రి దస్తావేజు చెప్పిన కథ యొకటి యుండగా, తన మాట తన పేర ఒకచోట నుండవలెనని ఆయన కోరిక. రెండువారముల పిమ్మట, మే 15వ తేదీన, డల్హౌసీ ఆసుపత్రిలో మరణించెను. వ్రాతప్రతిని తగులబెట్టవలసినదని అన్న రాబర్టు కోరెను. ప్రతినిధి అంగీకరింపలేదు. ఏబదినాలుగేండ్లు ఆ ప్రతి లండనులో ఒక గోదాములోని కాగితముల నడుమ పడియుండెను. 2016లో అది అచ్చయినపుడు, అట్టమీద మైఖేల్ డిలన్, లోబ్జాంగ్ జీవకుడు అను రెండు పేర్లును ఒకే గ్రంథకర్తవిగా ముద్రించిరి.